శుక్రవారం పరీక్ష

పరీక్షకు శుక్రవారం ఇవ్వమని అడిగింది కళ టీచరే.

మరాఠీ నేల మీది నార్పోలిలో, వెనక గల్లీలో ఆ తెలుగు బడికీ కార్ఖానాకీ నడుమ ఉన్నది ఒకటే గోడ. వారమంతా గోడ అవతల బట్ట నేసే సాంచాలు నడుస్తాయి. బల్ల మీద పెట్టిన గ్లాసులో నీళ్లు కదులుతూనే ఉంటాయి. శుక్రవారం సాంచాలకు సెలవు. ఆ ఒక్క రోజు ఎక్కాలు చెప్పించినా పద్యం చదివించినా మాట మాటగా వినపడుతుంది. అందుకే, పరీక్ష ఫోన్‌లో ఉంటుందని తెలిసినప్పుడు, చుట్టుపక్కల బడులన్నీ చూసే కేంద్ర ప్రముఖ్ భూషణ్ సార్ దగ్గరికి కళ స్వయంగా వెళ్లింది.

"మాకు శుక్రవారం పెట్టండి సార్. మా పిల్లలకు వినపడాలి గదా" అంది.

మున్సిపాలిటీ బడులను బాగు చేయాలని ఈ ఏడు కొత్త పథకం వచ్చింది. ఐదో తరగతి పిల్లలందరికీ ఒకే పరీక్ష. ముందు ఒక పేజీ పైకి చదవాలి. తర్వాత ఫోన్ ఒక చిన్న కథ చెప్పి ప్రశ్నలు అడుగుతుంది, పిల్లలు జవాబు చెప్పాలి. టీచర్లు చదివి వినిపిస్తే కొందరు సాయం చేస్తారు, కొందరు చేయరు. ఫోన్ అయితే అందరికీ ఒకే గొంతు అని పైవాళ్లు అన్నారు. ఫలితం రంగుల్లో వస్తుంది: బాగా చేస్తే పచ్చ, లేకపోతే పసుపు, ఎరుపు. పచ్చ వచ్చిన పిల్లలకు కొత్తగా కట్టిన ఆదర్శ శాళ అనే బడిలో ఆరో తరగతి సీటు. అక్కడ తెలుగు సెక్షన్ ఉంది, పది దాకా ఉంది. ఈ బడి ఏడుతో ఆగిపోతుంది. ఏడు తర్వాత ఆడపిల్లలు ఎక్కువమంది తల్లుల పక్కన నూలు కండెలు చుట్టడానికి కూర్చుంటారు.

పరీక్ష పెట్టడానికి పూనం అనే అమ్మాయి వచ్చింది. కల్యాణ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. బల్లకు ఒక వైపు తాను కూర్చుని, ఎదురుగా పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టుకుంది. క్లాసు టీచరు గదిలో ఉండకూడదు. కళ గడప బయట నిలబడింది.

సాక్షి వంతు వచ్చినప్పుడు కళకు ఏ బెంగా లేదు. క్లాసులో అందరికంటే ముందు లెక్క చేసేది ఆ పిల్లే. సాక్షి పేజీని గట్టిగా చదివింది. కార్ఖానా పిల్లలందరూ గట్టిగానే చదువుతారు. పూనం కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుని నవ్వింది. చదవడం అయ్యాక ఫోన్‌ను బల్ల మధ్యలో పెట్టి, తెర మీద నొక్కి, దాన్నే చూస్తూ కూర్చుంది.

ఫోన్ కథ చెప్పింది. గొడుగు ఎక్కడో మరిచిపోయిన తాత కథ. సాంచాలు లేవు కాబట్టి గడప దాకా వినపడింది. పొద్దుటి నుంచి వినీ వినీ కళకు నోటికి వచ్చేసింది.

సాక్షి ఫోన్ వైపు చూసింది. పూనం ముఖం చూసింది. పూనం తల ఎత్తలేదు. అప్పుడు సాక్షి మెడ తిప్పి గడప దగ్గర ఉన్న కళ ముఖంలోకి చూసింది.

ఆ చూపు కళకు తెలుసు. జవాబు అందించమని అడిగే చూపు. అందించడం కష్టమేమీ కాదు. కార్ఖానా ఇంట్లో పెరిగినవాళ్లు ఎవరైనా గొంతు లేకుండా పెదవులతో ఎంత మాటైనా చెప్పగలరు. సాంచాల మధ్య అందరూ మాట్లాడుకునేది అట్లాగే. కళ తల్లి లస్మవ్వ ముసలితనంలో ఇంట్లో కూడా అట్లాగే మాట్లాడేది. వేరే బడిలో ఒక టీచరు కిటికీ లోంచి అట్లా జవాబులు చెప్పిందని స్టాఫ్ రూములో నవ్వుకున్నారు కూడా.

కళ ముఖం పక్కకు తిప్పుకుంది. నల్లా దగ్గర నీళ్లు తాగుతున్న పిల్లలను చూస్తూ నిలబడింది.

లోపల ఫోన్ మొదటి ప్రశ్న అడిగింది. సాక్షి నవ్వి తల ఊపి "ఆఁ" అంది. రెండో ప్రశ్నకూ "ఆఁ" అంది. పూనం ఏదో నొక్కి, తర్వాతి పిల్లను పిలవమంది.

*

శనివారం పొద్దున హెడ్మాస్టర్ దత్తాత్రి సార్ టీ తెప్పించాడు. ఆయన తన జేబు నుంచి టీ తెప్పించడం అరుదు.

"చూసిండ్రా మేడం? పోయినేడు పరీక్షల మన బడి అందరికంటె కిందుండె. గిప్పుడు సగానికి మీద పచ్చ. భూషణ్ సార్ పొద్దుగాల్నే ఫోన్ జేసి షాబాష్ అన్నడు."

కళ ఆయన ఫోన్ తీసుకుని తన క్లాసు చూసింది. కిందికి జరిపింది, మళ్లీ పైకి జరిపింది.

"సాక్షిది పసుపేంది సార్?"

"ఏ సాక్షి?"

"మల్లన్న బిడ్డ. మా క్లాసుల ఒక్కతే సాక్షి."

దత్తాత్రి సార్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "చదువుడు పచ్చ. వినుడు ఎరుపు. రెండు కల్పితే పసుపట."

"పచ్చ ఎరుపు కల్పితే పసుపెట్లయితది?"

"నాకేం తెలుసు. ఫోన్‌కు తెలుసు."

"మల్లొకసారి పెట్టుమని అడుగున్రి సార్. దానికి సీటు రాకపోతే ఇంకెవలికొస్తది?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మల్ల పెడితే దానొక్కదానికే పెట్టరు మేడం. అందరికీ పెడ్తరు. వచ్చిన పచ్చ పోతే మీరిస్తరా, నేనిస్తనా? ఇరవై ఏండ్లకు ఒక షాబాష్ వచ్చింది. రెండు దినాలన్న ఉండనియ్యిండ్రి."

క్లాసులోకి వెళ్లేసరికి గోడ అవతల సాంచాలు మొదలయ్యాయి. కళ సాక్షిని బల్ల దగ్గరికి పిలిచింది.

"నిన్న కథకు జవాబెందుకు చెప్పలే?"

"కథ ఏడ చెప్పింది టీచర్?" అంది సాక్షి. "అక్క ఊకె కూసున్నది. ఫోన్ల లైటొచ్చింది, పోయింది. గంతే."

"అందరికీ చెప్పిన కథ నీకే చెప్పలేదా?"

"నాకు చెప్పలే."

"నేను గడప కాడ నిలవడి విన్న. నాతోటే అబద్ధమా?"

కళకు కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. పరీక్షకు ముందు నెల రోజులు ఆదివారాలు కూడా ఈ పిల్లలను కూర్చోబెట్టి చదివించింది. ఈ పిల్ల జవాబు రాలేదనైనా ఒప్పుకోవడం లేదు.

"పో. వెనక బెంచీల కూసో" అంది.

సాక్షి బ్యాగు తీసుకుని, ఇన్నాళ్లూ రూపాలి పక్కన కూర్చున్న మొదటి బెంచీ వదిలి, వెనక్కి వెళ్లింది.

*

సోమవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. గోడ అవతల సాంచాలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ఫ్యాన్ ఆగింది. పిల్లలు అట్టలతో విసురుకోవడం మొదలుపెట్టారు.

కళ బోర్డు మీద భాగహారాలు రాస్తోంది. రాస్తూ మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. సాంచాల చప్పుడులో బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఎవరికీ వినపడదు. అందుకని రాయడం ముగించి, పిల్లల వైపు తిరిగి, నోరు బాగా తెరిచి, చేయి కదిలిస్తూ చెబుతుంది. ఒకసారి ట్రైనింగులో ఆమెను లేపి నిలబెట్టి, పిల్లల ముఖాల్లోకి చూస్తూ పాఠం చెప్పడం ఈమెను చూసి నేర్చుకోండి అన్నారు. ఆ రోజు మాత్రం తల నొప్పిగా ఉండి, చప్పుడు కూడా లేదు కదా అని, తిరగకుండానే అడిగింది.

"సాక్షీ, నూట నలభై నాలుగును పన్నెండుతోటి భాగిస్తే?"

జవాబు లేదు.

"సాక్షీ."

లేదు. అలిగిందనుకుంది కళ. సుద్ద పెట్టి తిరిగింది. వెనక బెంచీలో సాక్షి నోట్‌బుక్కులో లెక్క ఎక్కించుకుంటోంది. అప్పుడు మొదటి బెంచీలోంచి రూపాలి కాలితో నేలను రెండుసార్లు గట్టిగా తన్నింది. సాక్షి వెంటనే తల ఎత్తింది. ముందు రూపాలిని చూసింది, రూపాలి చూపించిన వైపు చూసి కళ ముఖం మీద చూపు నిలిపింది.

"ఏందే, కాలితోటి కొడుతున్నవ్?" అంది కళ.

"దానికి ముఖం చూపియ్యాలె టీచర్" అంది రూపాలి. "నా పక్కకుంటే నేను గోకుతుంటి. మీరు ఎనక్కి పంపిండ్రు గదా. గంత దూరం చెయ్యి అందుతలేదు."

"ఎప్పటి సంది?"

"ఏది?"

"గోకుడు."

రూపాలి ఆలోచించింది. "రెండో తరగతి సంది. ముందుగాల పల్లవి గోకుతుండె. అది ఊరికి పోయినంక నేను."

పక్క బెంచీలో ఎవరో నవ్వారు. "మీకు తెల్వదా టీచర్?"

కళ బల్ల మీది తెలుగు పుస్తకం తీసి, చదువుతున్నట్టుగా నోటికి అడ్డం పెట్టుకుంది. మామూలు గొంతుతో, "సాక్షీ, నీ పెన్సిల్ కింద పడ్డది" అంది.

ఆ వరసలో ఉన్న పిల్లలంతా నేల చూశారు. సాక్షి పుస్తకం అట్ట చూస్తూ ఉంది. కొంచెం ఆగి నవ్వింది. తల ఊపింది.

"ఆఁ" అంది.

కళ పుస్తకం దించింది. సాక్షిని పిలిచి, బ్యాగు తానే మోసి, మొదటి బెంచీలో కూర్చోబెట్టింది.

*

భూషణ్ సార్ ఆఫీసులో కుర్చీల మీద కొత్త ట్యాబుల డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఆయన నిలబడే టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె తింటున్నాడు. కళ చెప్పినదంతా నములుతూ విన్నాడు.

"శుక్రవారం కావాలని మీరే అడిగారు" అన్నాడు మరాఠీలో.

"అవును సార్."

"బుధవారం నాడు ఇంకో బడిలో పెట్టాం. అదీ సాంచాల మధ్యే. ఫోన్ వినపడక పూనమే పిల్లల ఎదురుగా కూర్చుని, అరిచి చదివి చెప్పింది. గొంతు పోయిందని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అక్కడ వినడంలో ఎవరికీ ఎరుపు రాలేదు."

కళ డబ్బాలు లేని బెంచీ అంచున కూర్చుంది. ఏ బుధవారమో గురువారమో పెట్టి ఉంటే పూనం తల ఎత్తేది, నోరు తెరిచేది. సాక్షి అన్నీ చెప్పేది. చప్పుడులో ఆ పిల్ల అందరితో సమానం. చప్పుడు ఆపించింది తానే.

భూషణ్ సార్ డబ్బా మూత పెట్టి, చేయి తుడుచుకుని, ఒక కాగితాల కట్టలోంచి రూలు వెతికాడు. మనిషి చెడ్డవాడు కాదు. తన కింద ఉన్న బడులన్నింటికీ తిరగడానికి మోటార్ సైకిల్ పెట్రోలు ఎవరిస్తారో ఆయనకు ఇంకా తేలలేదు.

"ఇదిగో. చెవుల డాక్టరు రాసిస్తే, ఆ పిల్లకు ఫోన్ పెట్టకూడదు. మనిషి ఎదురుగా కూర్చుని చదివి చెప్పాలి. అప్పుడు పచ్చ వస్తే సీటు ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. వినే మిషను కూడా ఇస్తారు. కానీ అలాంటి పిల్లల పేర్లు తీసుకునే జాబితా శనివారంతో మూసేస్తారు."

"డాక్టరు రాసియ్యకపోతే?"

"రాసివ్వకపోతే వినపడినట్టు. వినపడీ చెప్పలేనట్టు. పసుపే ఉంటుంది."

*

అక్కడి నుంచి కళ నేరుగా కార్ఖానాకు వెళ్లింది. మల్లన్న సాంచాల నడుమ నడుస్తున్నాడు. ఒక దాన్ని ఆపి, తెగిన పోగు వెతికి, వేళ్లతో తడిపి ముడేసి, మళ్లీ నడిపి, పక్క దానికి పోతున్నాడు. అతని భార్య వనిత మూలన కండెలు చుట్టే మిషను ముందు కూర్చుని ఉంది. ముక్కు మీద, కనుబొమ్మల మీద దూది నూగు. కళను చూసి లేచి, గొంతు లేకుండా అడిగింది:

"ఏం జేసింది టీచరమ్మా? ఎవలితోనన్న కొట్లాడిందా?"

కళ కూడా గొంతు లేకుండానే, బయటికి రమ్మంది. ముగ్గురూ గేటు పక్కన, నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడ్డారు. అక్కడా అరిస్తేనే వినపడుతుంది.

"సాక్షికి చెవులు వినవడ్తలేవు" అంది కళ.

వనిత నవ్వింది. "ఈడ ఎవలికి వినవడ్తున్నయ్? మా ఆయన ఇంట్ల టీవీ పెడితే, సీరియల్ల ఏమైందో నాలుగిండ్ల అవతలోళ్లు మాకు చెప్తరు."

మల్లన్న కూడా నవ్వాడు. భార్య పెదవులను చూసే నవ్వాడు.

"నవ్వే ముచ్చట కాదు వనితా."

"చిన్నగున్నప్పుడు చెవుల చీము కారేది. వెల్లుల్లి నూనె పోసిన. తక్కువైంది. నాతోటి మంచిగనే మాట్లాడ్తది టీచరమ్మా. తెల్లారి లేస్తే నోరు మూయదు. చీకటైతేనే."

"చీకటైతే?"

"కరెంట్ పోతే పల్కది. ఎంత పిలిచినా పల్కది. దానికి చీకటంటే భయం."

అన్నాక వనిత కళ ముఖం చూసింది. తర్వాత మొగుడి ముఖం చూసింది. కళ సీటు సంగతి చెప్పింది. డాక్టరు కాగితం సంగతి చెప్పింది.

"చెవిటిదని రాపిస్తరా?" అంది వనిత. "ఒకసారి రాస్తే చెరిగిపోతదా? రేపు అందరు దాన్ని ఏమని పిలుస్తరు? మొన్నటిదాంక మీ నోటితోటే హుషారు పిల్ల అన్నరు."

"హుషారు పిల్లనే. అందుకే నాకు తెల్వలే."

మల్లన్న లోపలికి చూశాడు. అతని సాంచా ఒకటి ఆగి ఉంది. "సీటు వస్తదా టీచర్?"

"పరీక్ష మల్ల మంచిగ చేస్తే వస్తది. చేస్తది."

"పది దాంక?"

"పది దాంక."

"పోండ్రి మరి. శుక్రవారం ఎట్లాగూ ఛుట్టీ. చిన్నోన్ని నేను చూసుకుంట." అంటూనే అతను లోపలికి నడిచాడు.

వనిత కొంగుతో ముఖం తుడుచుకుంది. నూగు కంటికి పట్టింది. "సరే, పోదాం. నా బిడ్డ చెవులు మంచిగున్నయని ఆ డాక్టరే చెప్తడు. గప్పుడు దాన్ని ఎనక బెంచీల కూసోవెట్టినందుకు నువ్వేం జెప్తవో నేనూ సూస్త."

అప్పటిదాకా ఉన్న మీరు, నువ్వయింది.

*

సెలవు అడిగితే దత్తాత్రి సార్, "శుక్రవారం మీకూ ఛుట్టీయే కావాల్నా? సాంచాల లెక్క?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కదాని కోసం ఇంత తిరుగుడేంది మేడం? మిగతా పచ్చలన్నా చూసి సంతోషపడుండ్రి" అన్నాడు. అంటూనే సంతకం పెట్టాడు.

గురువారం బడి వదిలాక సాక్షి బల్ల దగ్గరికి వచ్చింది.

"రేపు ఇంకో పరీక్ష ఉందట గదా టీచర్? ఠాణా పట్నంల?"

"ఎవలు చెప్పిండ్రు?"

"అమ్మ. మంచిగ చెయ్యాలె, ఒక్కటి గూడ తప్పొద్దు అన్నది. నేను ఒక్కటి గూడ తప్పను టీచర్."

కళ పిల్ల ఎదురుగా వంగింది. "అది గసుంటి పరీక్ష కాదు బిడ్డా. నీకు వినవడ్డది వినవడ్డదని చెప్పు. వినవడనిది వినవడలేదని చెప్పు. గంతే."

"వినవడలేదంటే పాసైతనా?"

ఐదేళ్లుగా పిల్లలకు కళ నేర్పింది అడిగినదానికి వెంటనే జవాబు చెప్పమని. ఊరికే కూర్చోవద్దని.

"రేపు పొద్దున జల్ది రా" అంది.

*

శుక్రవారం వనిత సాక్షి తలకు నూనె రాసి, రెండు జడలు వేసి, యూనిఫాం ఇస్త్రీ చేయించి తీసుకొచ్చింది. తానూ పెండ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. ఆటో కాల్హేర్ దగ్గర గోదాముల ముందు ఆగిపోయింది. ముందర ట్రక్కులు, వెనక ట్రక్కులు. డ్రైవరు ఆటో ఆపేసి పుల్లతో పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు. వనిత దారంతా కళతో మాట్లాడలేదు. సాక్షి మాత్రం ట్రక్కుల వెనక రాసినవన్నీ పైకి చదివింది. హిందీవి, మరాఠీవి, ఇంగ్లిషువి. డ్రైవరు అద్దంలో చూసి, "బేటీ బహుత్ హుషార్ హై" అన్నాడు. వనిత కళ వైపు చూసింది.

అది ఠాణాలో ఒక ట్రస్టు ఆసుపత్రి. చెవులు పరీక్షించే గది లోపల ఇంకో చిన్న గది ఉంది. దాని గోడలకు మెత్తటి గుడ్డ, ఒక వైపు అద్దం. లోపల కుర్చీ. అద్దానికి ఇవతల మిషను ముందు ఒక అమ్మాయి కూర్చుంటుంది. ఆమె హిందీలో, ముఖం చూపిస్తూ, నెమ్మదిగా సాక్షికి చెప్పింది: చెవుల్లో చిన్న చిన్న చప్పుళ్లు వస్తాయి, వచ్చినప్పుడల్లా ఈ బటన్ నొక్కు, రాకపోతే నొక్కకు. సాక్షి తల ఊపింది. హెడ్‌ఫోన్ పెట్టి, బటన్ చేతికిచ్చి, తలుపు మూశారు. ఆమె ఇవతలికి వచ్చి కూర్చుంది. వెనక కళ, వనిత నిలబడ్డారు.

లోపల సాక్షి నొక్కినప్పుడల్లా ఇక్కడ మిషను మీద ఎర్ర దీపం వెలుగుతుంది.

దీపం వెలిగింది. ఆమె మిషను మీద ఏదో తిప్పింది. మళ్లీ వెలిగింది. మళ్లీ తిప్పింది. మళ్లీ వెలిగింది.

"అచ్ఛా" అంది ఆ అమ్మాయి. "ఇంత చిన్న చప్పుడు కూడా వింటోంది. చెవులు బాగానే ఉన్నాయి కదా. ఎవరు పంపారు?"

వనిత గట్టిగా ఊపిరి వదిలింది. గుడికి పోయి వచ్చినట్టు రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. కళ వైపు తిరగలేదు. తిరగాల్సిన పని ఆమెకు కనిపించలేదు.

దీపం వెలుగుతూనే ఉంది. కళ అద్దం లోపలికి చూసింది. సాక్షి కుర్చీ అంచుకు జరిగి కూర్చుని ఉంది. పెదవులు బిగించి ఉంది. చప్పుడు వినే మనిషి ఎటైనా చూస్తుంది, లేదా కళ్లు మూసుకుంటుంది. సాక్షి కళ్లు ఒకే చోట ఉన్నాయి. మిషను అమ్మాయి కుడి భుజం మీద.

కళ ఆ భుజం చూసింది. చేయి మిషను అంచు కింద ఉంది, లోపలికి కనపడదు. కానీ చప్పుడు పంపిన ప్రతిసారీ దుపట్టా అంచు ఇంత పైకి లేచి దిగుతోంది. అది దిగేలోపల దీపం వెలుగుతోంది.

ఇప్పుడు తాను ఊరుకుంటే వనిత సంతోషంగా ఇంటికి పోతుంది. పిల్లకు ఏ పేరూ రాదు. దత్తాత్రి సార్‌కు పచ్చలు ఉంటాయి. రేపు శనివారం.

"ఒక్క నిమిషం" అంది కళ హిందీలో. తలుపు తెరిచి లోపలికి వెళ్లింది.

సాక్షి హెడ్‌ఫోన్ ఒక వైపు ఎత్తి ముఖం నిండా నవ్వింది. "అన్నీ కరెక్టే గదా టీచర్? ఒక్కటి గూడ తప్పలే."

"అన్నీ కరెక్టే" అంది కళ, ముఖం చూపిస్తూ. "ఇప్పుడు లే."

పిల్ల లేచింది. కళ కుర్చీని రెండు చేతులతో ఎత్తి, గోడ వైపు తిప్పి పెట్టింది. పిల్ల భుజాలు పట్టి కూర్చోబెట్టింది. హెడ్‌ఫోన్ సరిచేసింది. సాక్షి మెడ తిప్పి చూసింది. కళ ఆ గడ్డం పట్టుకుని మళ్లీ గోడ వైపు తిప్పింది.

"ఎందుకు టీచర్?" అంది సాక్షి గోడతో.

కళ బయటికి వచ్చి తలుపు మూసింది.

మిషను అమ్మాయి కళను చూసింది, పిల్ల వీపు చూసింది. మొదటి నుంచి మొదలుపెట్టింది. దుపట్టా అంచు లేచింది, దిగింది. దీపం వెలగలేదు. ఆమె తిప్పింది. అంచు లేచింది, దిగింది. వెలగలేదు. ఇంకా పెద్దది పంపింది. వెలగలేదు.

వనిత ముందుకు వచ్చింది. అద్దానికి అరచేతులు ఆనించి, నోరు పెద్దగా తెరిచి, గొంతు లేకుండా, "నొక్కు బిడ్డా" అంది. "నొక్కు. నొక్కు." లోపల రెండు జడలు కదలలేదు.

అప్పుడు దీపం వెలిగింది. వనిత "అగో" అంది. కానీ మిషను అమ్మాయి ఏమీ పంపలేదు. ఆమె రెండు చేతులూ ఒడిలో ఉన్నాయి. దీపం ఆరి, మళ్లీ వెలిగింది. కొంచెం ఆగి మళ్లీ వెలిగింది. లోపల గోడ ముందు కూర్చున్న పిల్ల, ఎప్పుడు అడుగుతున్నారో తెలియక, ఒక్కటి కూడా తప్పకూడదని, తన లెక్కన తాను నొక్కుతూ పోతోంది.

మిషను అమ్మాయి పెన్ను తీసుకుని, పిల్లకు వినపడని చప్పుళ్లు ఒక్కొక్కటిగా రాయడం మొదలుపెట్టింది. ఆమె రాసినంతసేపూ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది.